గట్టు జరుపుట

మా యింటి కంప్యూటరు నాలుగు దినములుగా, ఎండలో బరువు లాగు ముసలియెద్దువలె, అడుగున కొకసారి నిలిచి రొప్పుచుండెను. సి యనెడి భాగము నిండిపోయినదట. ప్రక్కనున్న డి భాగము ముప్పాతిక బీడు. ఒకగదిలో బస్తాలు కప్పు నంటుచుండగా రెండవగదిలో గబ్బిలములు తిరుగుచున్నట్లుండెను.

ఈ పెట్టె కొన్ననాడు డిస్కు 500 గిగాబైటులని చెప్పిరి. యర్రగొండపాలెము చేర్చి చూడగా తెరమీద 465 మాత్రమే కనబడెను. తక్కినది వర్తకుడు మింగెనని యనుమానించితిమి. పాపము, ఆయన దోషము లేదు. డిస్కు చేయువారు గిగాబైటనగా నూఱుకోట్ల బైటులందురు. విండోసు 1024ను మూడుమారులు వేసి గుణించును. ధాన్య మొకటే, కుంచములు రెండు. అందు సి కి 100, డి కి 365 అని అంగడిలోనే పంచి యిచ్చిరి.

ఆ పంపకమును మార్చుటకు మేము పూనుకొంటిమి. సంస్కృతము చదివి ఇంగ్లీషు బోధించువారము, తెరమీది నాలుగు మాటలు తెలియవా యని ధైర్యము! డిస్కు మేనేజ్‌మెంటు తెఱచి డి నుండి 100 గిగాబైటులు తగ్గించితిమి. తగ్గినది. సి ని పెంచుటకు ‘ఎక్స్‌టెండ్’ అను మాటను వెదకితిమి. మాట యున్నది గాని వెలవెలబోయి, ఎంత నొక్కినను లొంగలేదు. తగ్గించినపుడు ఖాళీయగునది డి యొక్క తుదియే గాని సి కి డి కి నడిమిచోటు కాదని మా కప్పుడు తెలియదు. పడమటి రైతు తన గట్టు ముందుకు జరుపవలెనన్న, ప్రక్కవాడు తన పడమటికొస విడువవలెను. తూర్పుకొస విడిచిన నేమి లాభము?

అటుపై చేసినపని సిగ్గుతో వ్రాయుచున్నాము. ‘డిలీట్ వాల్యూమ్’ అనునది నడిమిగట్టును మాత్రమే తీసివేయునని యర్థము చెప్పుకొంటిమి. యంత్రము హెచ్చరించెను. చదువకయే అవునంటిమి. డి మాయమయ్యెను. మా పాఠములు, పద్దులు పోయిన పోవుగాక. మా తల్లిగారు కాలధర్మము నొందుటకు ముందటి యేడు పాడిన దంపుళ్లపాటలు పదునాలుగు అందుండెను. ఆమెకు అక్షరములు రావు. ఆ కంఠము తప్ప ఆమె చేవ్రాలనదగినది మాకు వేఱొకటి లేదు. నకలు తీసియుంచలేదు.

హైదరాబాదులోనున్న మా కుమారునకు ఫోను చేయగా, మెకానిక్కున కిచ్చి ఫార్మాటు చేయింపుమనెను. ఇంటరు చదువుచున్న మా కుమార్తె గడపలో నిలిచి వినుచుండెను.

“నాన్నా, ఇంక దాని మీద ఏమీ రాయొద్దు, ఫార్మాటూ చేయించొద్దు. పాటలు పోలేదు. పట్టా పోయింది, పొలం అక్కడే ఉంది” అనెను.

ఇచ్చట నొకటి యొప్పుకొనవలెను. బాలికావిద్యను గూర్చి పదునైదేండ్లుగా సభలలో మాటలాడుచున్నవారము. ఉమ్మడియాస్తిలో కొడుకుతోపాటు కూతునకును వాటా గలదని 1986లో మన రాష్ట్రము చేసిన చట్టమును ఏటేట తరగతిలో మెచ్చుకొనువారము. అట్టి మేము ఈ పెట్టె పాస్‌వర్డును కుమారునకు కొన్ననాడే చెప్పి, పిల్లకు ‘పాడుచేయును’ అని దాచితిమి. పాడుచేసినవా రెవరో చదువరులు చూచుచునే యున్నారు.

ఆమె చెప్పిన దిది. మావంటి పాతపెట్టెలలో డిస్కు మొదట 512 బైటుల గది యొకటి యుండును. అందు 64 బైటులు హద్దుల పట్టిక. భాగమునకు 16 చొప్పున నాలుగింటికే చోటు. డి యొక్క పంక్తి కొట్టివేయబడినది. దాని లోపలిది, పైన వేఱొకటి వ్రాయబడునంతవఱకు, ఉన్నచోటనే యుండును. మాకు వెంటనే బోధపడెను. 1970లో మా మార్కాపురము తాలూకాను కర్నూలుజిల్లానుండి తీసి క్రొత్తజిల్లాలో కలిపినపుడు నల్లమల అంగుళమైన కదలలేదు, దస్తరములే కదలినవి. (క్రొత్తపెట్టెలలో పట్టికకు నకలు డిస్కు తుదిని గూడ నుండునట. మనమే కొట్టివేసినపుడు రెండుచోట్లను కొట్టివేయబడును గనుక మావంటివారికి అదియు రక్ష కాదు.)

పెన్‌డ్రైవులో టెస్ట్‌డిస్కు అను ఉచితసాధనము తెచ్చి పోయిన హద్దు వెదకించెను. మేము ప్రక్కన కూర్చుండి గోళ్లు కొఱుకుకొంటిమి. పంక్తి మరల వ్రాయబడెను. పెట్టెను ఆర్పి వెలిగింపగా డి తిరిగివచ్చెను. అయినను పిల్ల యుప్పొంగక, సమస్తమును బయటి డిస్కునకు నకలు తీసి, పదునాలుగు పాటలును ఒక్కొక్కటి తెఱచి వినెను. మూడవపాట నడుమ మా తల్లి ఆగి, “ఒరేయ్, ఇందులో పడతా ఉందా?” అని యడిగెను. పిల్ల కొంతసేపు తెరవైపు చూడలేదు.

డి ని ఉన్నపళముగా తూర్పునకు జరుపు సాధనములును గలవు. అవి లోపలి సామానునంతయు మోయవలెను, గంటలు పట్టును, నడుమ కరెంటు పోయిన మిగులునది దైవాధీనము. మా యూరి కరెంటును ఎఱిగిన పిల్ల గనుక ఆ త్రోవ వలదనెను. ఇన్‌వర్టరు చూచుకొని, ఈసారి తెలిసియే డి ని తొలగించి, సి ని 200కు పెంచి, మిగిలిన 265లో క్రొత్త డి కట్టి, పాటలను మరల అందుంచెను. బయటి డిస్కు ఇనుపపెట్టెలో మా తల్లిగారి కండ్లజోడు ప్రక్క నున్నది.

ఆ రాత్రియే పిల్ల పాస్‌వర్డును మార్చెను. మా కింకను చెప్పలేదు. అడుగుటకు మాకును మొగము చెల్లకున్నది.