జలపాతాలకు వెళ్దాం, ముందు పార్కింగ్ సంగతి చూద్దాం



జూన్ వచ్చిందంటే చాలు, మన న్యూజెర్సీలో ఎడిసన్, బ్రిడ్జ్‌వాటర్ వైపు ఏ ఇంట చూసినా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఉంటారు. నయాగరా చూపించేశారు, లిబర్టీ విగ్రహం అయిపోయింది, బాలాజీ గుడికి ఎటూ వారం వారం వెళ్తూనే ఉన్నారు. “పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేలా, హోటల్ గది తీసుకునే పని లేకుండా ఎక్కడికైనా చెప్పండి” అని మీరు అడుగుతున్నారు. అందుకే ఈసారి ఉత్తరమంతా ఒక్క చోటు గురించే. పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్క్.

కిచెన్ క్రీక్ అనే వాగు అక్కడ రెండు పాయలుగా కొండ దిగుతుంది. ఒక పాయ పారే లోయ గనోగా గ్లెన్, రెండోది గ్లెన్ లీ. రెండూ కలిసే చోటుకి వాటర్స్ మీట్ అని పేరు. గనోగాలో 10, లీలో 8, కలిశాక కింద 4, మొత్తం 22 జలపాతాలు, ప్రతిదానికీ ఓ పేరు. అన్నిటిలో ఎత్తయినది గనోగా ఫాల్స్, 94 అడుగులు. మీ నాన్నగారిది పల్నాడు వైపయితే “మా ఎత్తిపోతల దీనికేం తీసిపోయింది” అనడం ఖాయం. ఎత్తిపోతల 70 అడుగులు, కాబట్టి ఆయన మాట మరీ కొట్టిపారేసేదేమీ కాదు. కానీ ఇక్కడి అందం ఎత్తులో లేదు. ఒకటి చూసి నాలుగడుగులు వేసేలోపు రెండోదాని హోరు వినపడుతుంది. దారి నీళ్ల పక్కనుంచే పోతుంది, కొన్నిచోట్ల తుంపర మొహాన పడుతుంది.

న్యూయార్క్‌లోని వాట్కిన్స్ గ్లెన్ సంగతేమిటని అడుగుతారేమో. అదీ గొప్పదే. రెండు మైళ్లలో 19 జలపాతాలు, 832 మెట్లు. అయితే జెర్సీ నుంచి అది ఒక్క రోజులో ముగిసే వ్యవహారం కాదు. నయాగరా దారిలో ఓ రాత్రి ఆగేవాళ్లకు అది బాగుంటుంది. రికెట్స్ గ్లెన్‌కి ఎడిసన్ నుంచి రెండున్నర, మూడు గంటల డ్రైవ్. ఐ-80 పట్టుకుని డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర నది దాటాలి. అక్కడ టోల్ పెన్సిల్వేనియాలోకి పోయేటప్పుడే, తిరిగొచ్చేటప్పుడు ఉండదు. పార్కులోకి ప్రవేశ రుసుము కూడా లేదు. పెన్సిల్వేనియా తన స్టేట్ పార్కుల్లో దేనికీ గేటు దగ్గర డబ్బు తీసుకోదు. మన జెర్సీ వాళ్లు నేర్చుకోవాల్సిన సంగతి.

ఇక అసలు విషయం. ఈ ప్రయాణం బాగుండటమూ బాగుండకపోవటమూ మీరు కారు ఎక్కడ ఆపుతారన్న దాని మీదే ఉంది. పార్కింగ్ రెండు చోట్ల ఉంది. ఒకటి కొండ మీద లేక్ రోజ్ దగ్గర, ఇంకొకటి కింద 118 నంబరు రోడ్డు పక్కన. ఫోన్‌లో పార్కు పేరు కొట్టి, అది ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ దిగిపోవడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం అలా చేయకండి.

లేక్ రోజ్ దగ్గర మొదలుపెడితే ముందు దిగుడు, ఆఖర్న ఎక్కుడు. అలిపిరి నడకదారికి ఇది సరిగ్గా తిరగేసిన లెక్క. ఉత్సాహం ఉన్నప్పుడు చకచకా దిగిపోతారు, వెనక్కి రావలసినప్పుడేమో కాళ్లు పీకుతుంటాయి, కొండేమో ఎదురుగా ఉంటుంది. ఆ సంగతి తెలిసి దిగితే ఇబ్బంది లేదు. గనోగా లోయలో దిగి, వాటర్స్ మీట్ దగ్గర మలుపు తిరిగి, లీ లోయలో ఎక్కి, హైలాండ్ ట్రెయిల్ మీదుగా వెనక్కి వస్తే 3.2 మైళ్లు. 18 జలపాతాలు అందులోనే అయిపోతాయి. ఫొటోలు దిగుతూ మూడు నాలుగు గంటలు వేసుకోండి. కింది నాలుగూ వదలనంటే మొత్తం చుట్టు 7.2 మైళ్లవుతుంది. రోజూ నడిచే అలవాటున్న వాళ్లకే అది. పదేళ్లలోపు పిల్లల్ని లాక్కుంటూ వద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ లోయ అసలు వద్దు. మెట్లు ఉన్నాయి, నిజమే. కానీ అవి ఎగుడుదిగుడు రాతి మెట్లు, ఎప్పుడూ తడి, చాలాచోట్ల చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. “నేను తిరుమల నడిచి ఎక్కినదాన్నే” అని అత్తగారు పట్టుబడతారు. ఎక్కడం సమస్య కాదు, తడిరాయి మీద దిగడమే సమస్య అని నెమ్మదిగా చెప్పండి. వాళ్లకోసమే కింద 118 రోడ్డు పక్కన ఆడమ్స్ ఫాల్స్ ఉంది. కారు దిగి నాలుగడుగులు వేస్తే 36 అడుగుల జలపాతం. దాని పక్కనే ఎవర్‌గ్రీన్ ట్రెయిల్ అని ఒక మైలు దారి, వందల ఏళ్ల హెమ్‌లాక్ చెట్ల కిందుగా పోతుంది. నన్నడిగితే పార్కు మొత్తంలో తీరిగ్గా కూర్చోదగ్గ చోటు అదే.

కాబట్టి కారు ఒకటే అయినా ఇలా చేయండి. ఇంట్లో ఆరున్నరకల్లా బయటపడండి. ముందు అందరూ కింద ఆడమ్స్ ఫాల్స్ దగ్గర దిగండి. అక్కడే టిఫిన్ కానిచ్చి, రెడ్ రాక్ దగ్గర 487 రోడ్డు ఎక్కి పైకి వెళ్లండి. ఆ రోడ్డు మహా నిటారుగా ఉంటుంది. ఎనిమిది మందితో నిండిన వ్యాన్ అయితే సాయంత్రం దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచకుండా తక్కువ గేరులో రండి. పైన లేక్ జీన్ అని 245 ఎకరాల చెరువుంది, ఒడ్డున బల్లలు, చెట్ల నీడ. పెద్దవాళ్లను, భోజనం బుట్టను అక్కడ దింపి, నడిచేవాళ్లు లేక్ రోజ్ నుంచి లోయలోకి దిగండి. అక్కడ ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఎన్నింటికి తిరిగి కలిసేదీ ముందే అనుకోండి, మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

శని, ఆదివారాల్లో, ముఖ్యంగా అక్టోబరులో ఆకులు రంగు మారేటప్పుడు, పార్కింగ్ నిండిపోతుంది. ఆలస్యంగా వస్తే వెనక్కి తిరగాల్సి రావచ్చు. నీళ్లు బాగా ఉండేది ఏప్రిల్, మే నెలల్లో. వానలు లేని ఆగస్టులో కొన్ని జలపాతాలు సన్నటి ధారలైపోతాయి.

ఈ మెట్ల దారి ఎవరు వేశారో చెప్పకపోతే బాగుండదు. రాబర్ట్ బ్రూస్ రికెట్స్ 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధంలో ఫిరంగి దళాన్ని నడిపిన అధికారి. యుద్ధం తర్వాత ఇక్కడ వేల ఎకరాలు కొని కలప వ్యాపారం చేశాడు. చుట్టూ అడవి నరికించినా ఈ లోయల జోలికి మాత్రం పోలేదు. 1889 నుంచి 1893 దాకా ఆరుగురు మనుషులు ఈ బాట, మెట్లు, వంతెనలు కట్టారు. జలపాతాల్లో సగానికి పైగా వాటికి రికెట్స్ మోహాక్, ఒనైడా, సెనెకా, డెలావేర్, టస్కరోరా అంటూ ఆదివాసీ తెగల పేర్లు పెట్టాడు, మిగిలిన వాటిలో చాలావాటికి తన చుట్టాలవీ స్నేహితులవీ. ఆ తెగలను ఆ నేల మీంచి వెళ్లగొట్టి అప్పటికే తరాలు గడిచాయి. పిల్లలు పేర్ల బోర్డులు చదివితే ఆ సంగతి కూడా చెప్పండి. 1930లలో దీన్ని జాతీయ పార్కు చేయాలనుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధంతో అది మూలపడింది. 1942లో రాష్ట్రం కొని, 1944లో పార్కుగా తెరిచింది.

భోజనం మాట. లోపల హోటలుందనే భ్రమ పెట్టుకోవద్దు. పులిహోర, చపాతీలు, బంగాళదుంప వేపుడు సరే. పెరుగన్నం మాత్రం పొద్దున్నే పెరుగుతో కలపకండి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చటి పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడేసి డబ్బాలో పెట్టుకోండి. ఒంటిగంటకి సరిగ్గా తోడుకుంటుంది. మిగిలింది బల్ల మీద వదిలి నడకకు పోవద్దు, ఆ అడవిలో ఎలుగుబంట్లున్నాయి. బీరు సీసాలు ఇంట్లోనే ఉంచండి, ఈ రాష్ట్రపు పార్కుల్లో మద్యం నిషిద్ధం.

కాళ్లకు పట్టున్న బూట్లే, చెప్పులు వద్దు. జలపాతాల కింద దిగి స్నానాలు చేయనివ్వరు. ఈత సరదా ఉంటే లేక్ జీన్‌లో బీచ్ ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, పిడుదులు. మన ఊళ్లో గేదెలకు పట్టేవాటి జాతివే గానీ నువ్వుగింజంత ఉంటాయి, లైమ్ జబ్బు తెచ్చిపెడతాయి. పెన్సిల్వేనియాలో ఆ జబ్బు చాలా ఎక్కువ. పొడుగు మేజోళ్లు వేసి ప్యాంటు అంచులు వాటిలోకి దోపుకోండి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లల చెవుల వెనక చూడండి. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా పైకి లాగాలి.

వెళ్లే ముందు రోజు పార్కు వాళ్ల ప్రకటనలు ఒకసారి చూసుకోండి. మరమ్మతులకు దారి మూసే రోజులుంటాయి. చలికాలంలో మెట్లన్నీ మంచు గడ్డే, తగిన సరంజామా లేనివాళ్లను లోయలోకి పోనివ్వరు. వెళ్లొచ్చాక ఓ ముక్క రాయండి, ముఖ్యంగా పెద్దవాళ్లకు ఎలా అనిపించిందో.

ఉంటాను.