మూత వేసింది నేనే

కాకినాడ రేవులో నేను కొన్న పాత ఫైబర్ బోటు పైకి బాగానే కనబడేది. ఇంజను వెనక పలక కోసి చూస్తే, అడుగున ఫైబర్ పూత కింద ఉన్న ప్లైవుడ్ వాసాలు వేలితో నొక్కగానే నల్లనీళ్లు కక్కాయి. చేరిన తడి ఆరే దారే లేదు. గాలి లోపలికి వెళ్లడానికి ముందు చిన్న కంత ఉంది, బయటికి రావడానికి వెనక ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఉక్కలో మగ్గి కుళ్లిపోయాయి.

మే నెల. ఆ కుళ్లును బాగుచేయడానికి మా మేనల్లుడు అడుగులోకి దిగి ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ పూస్తున్నాడు. పక్క బోటు గ్రైండర్ దుమ్ము పడుతోందని, అడుగులోకి దిగే రెండు మూతల్లో వెనకది నేనే వేశాను. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు.

రెజిన్‌లోంచి లేచే స్టైరీన్ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. తొట్టిలో నీళ్లలా అడుగునే నిలుస్తుంది. మొదట ముక్కు మండుతుంది. కాసేపటికి ముక్కు అలవాటుపడి, వాసన తగ్గిందనుకుంటాం.

"అల్లుడూ, అయిందా?" అంటే "ఆఁ" అన్నాడు, మత్తుగా. మళ్లీ పిలిస్తే పలకలేదు. తొంగి చూశాను. బ్రష్ చేతిలోనే ఉంది, డబ్బా ఒరిగి రెజిన్ వాడి మోకాలి మీదుగా కారుతోంది. దూకేశాను. చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే నా కాళ్లే తేలిపోయాయి. పక్క బోటు కలాసీ తాడు జారవిడిచి, "వాడికి కట్టి నువ్వు పైకొచ్చెయ్ బాబాయ్!" అని అరవబట్టి ఇద్దరం బతికాం. ఆసుపత్రిలో వాడికి ఆక్సిజన్ పెట్టారు. మూడు రోజులు తల పట్టుకునే ఉన్నాడు.

తర్వాత మూతలు రెండూ తీసి, బ్లోయర్‌ను బయట గట్టు మీద పెట్టి, గొట్టం అడుగుదాకా దించాం. మామూలు ఫ్యాన్ లోపల పెట్టకూడదు. 31 డిగ్రీల దగ్గరే స్టైరీన్ మంటందుకునేంత ఆవిరి లేస్తుంది, మోటారు రవ్వ చాలు. మా ఊళ్లో మే నెలలో నీడన కూడా అంతకంటే ఎక్కువే. ముఖానికి కట్టే గుడ్డ దుమ్మును ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు కొన్నాం. గాలి బయటికి పోయేలా బోటుకు వెనకవైపు కొత్త గొట్టం బిగించి, దాని మూతిని అడుగు నీళ్లు తగలనంత ఎత్తులో ఉంచాం.

మిగిలిన పని వాడే చేస్తానన్నాడు. నడుముకు తాడు కట్టి దింపి, కొస చేతికి చుట్టుకుని మూత దగ్గరే కూర్చున్నాను. నిమిషానికోసారి పిలిచాను. విసుక్కోకుండా ప్రతిసారీ "ఉన్నాను మావయ్యా" అన్నాడు.