మేం తొక్కిన దారులు

మా ప్రాంతంలో ఎండకు కరువు లేదు. కరువంతా వానకే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ వానను నమ్ముకుని వేరుశనగ వేసిన రైతే అప్పుల పాలైతే, సెంటు భూమి లేని సాయిబు దేన్ని నమ్ముకోవాలి? మేము దారుల్ని నమ్ముకున్నాం. రెండు చక్రాల మీద ఆ దారులు తొక్కి బతికాం.

నల్లమాడ నడిమధ్య ఊరు. ఉత్తరానికి పోతే ముదిగుబ్బ, దక్షిణానికి పోతే ఓబుళదేవరచెరువు, ఆగ్నేయంగా కదిరి, పడమటికి బుక్కపట్నం. బుక్కపట్నం చెరువు దాటి కొత్తచెరువు చేరితే దారి చీలుతుంది. ఒకటి ధర్మవరం పట్టుచీరల మగ్గాల వైపు, ఇంకొకటి పెనుకొండ కోట వైపు. పెనుకొండ నుంచి సోమందేపల్లి మీదుగా హిందూపురం. అక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి బసవన్న. 2009 దాకా నల్లమాడ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. ఆ తరువాత అది పుట్టపర్తి అయింది. 2022లో అనంతపురం జిల్లాను చీల్చి సత్యసాయి జిల్లా చేశారు. కాగితాల మీద ఎల్లలు మారాయి. సైకిల్ తొక్కేవాడికి మాత్రం ఎత్తు ఎత్తే, దిగుడు దిగుడే.

ఈ దారుల మీద మా తాతలు, తండ్రులు, చిచ్చాలు ఏమేమి మోశారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు కొలిమితిత్తి, తగరం, నవసాగరం క్యారియరుకు కట్టుకుని పోయేవాళ్ళు. సైకిల్‌కు స్టాండు వేసి, పెడలు తొక్కుతూ కత్తులకు, కొడవళ్ళకు సాన పట్టేవాళ్ళు. దూదేకుల వాళ్ళు వింటిబద్ద భుజాన వేసుకుని పరుపులకు, దిండ్లకు దూది ఏకడానికి పోయేవాళ్ళు. అత్తర్లు, సుర్మా, రిబ్బన్లు అమ్మినవాళ్ళు, ఐసుపెట్టె కట్టుకుని పిల్లల్ని వెంట తిప్పుకున్నవాళ్ళు, పాత ఇనుము కొన్నవాళ్ళు, హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళ మూటలు మోసినవాళ్ళు. ఫజర్ నమాజు కాగానే బయలుదేరితే అయిదారు ఊళ్ళు తిరిగి మగ్రిబ్ వేళకు ఇల్లు చేరాలి. సైకిల్‌కు ముందువైపు అదనంగా ఒక రాడ్డు వేయించుకుంటే గానీ ఆ బరువు ఆగేది కాదు. ఎత్తు వస్తే దిగి తొయ్యాలి. మిట్టమధ్యాహ్నం తారు కరిగి టైర్లకు అంటుకునే వేళ రోడ్డు పక్క చింతచెట్టే మా ముసాఫిర్‌ఖానా.

మా తెలుగు కూడా అక్కడ నేర్చుకున్నదే. మాలో దూదేకుల ఇళ్ళల్లో మాట్లాడేదే తెలుగు. మిగిలిన మా ఇళ్ళల్లో దక్కనీ ఉర్దూ. పొద్దున సైకిల్ ఎక్కిన మనిషి ఊరు పొలిమేర దాటేసరికి తెలుగులోకి మారిపోతాడు. ‘అమ్మా, కళాయీ’ అని కేక వేస్తాడు. ‘ఏం సాయిబూ, పోయిన వారం రాలేదే’ అంటూ పెద్దమ్మలు గిన్నెలు బయట పెడతారు. డబ్బులు లేకపోతే గోడ మీద బొగ్గుతో గీత గీసేవాళ్ళు. వేరుశనగ అమ్మినాక ఆ గీతలు చెరిగేవి. పంట పోయిన ఏడాది ఆ గీతలు అలాగే ఉండేవి, మా పొయ్యి కూడా అలాగే ఉండేది. వాళ్ళ కరువు మా కరువు వేరుగా లేవు. అయినా కొన్ని ఇళ్ళ దగ్గర దాహం అడిగితే చెంబు చేతికి ఇవ్వరు, ఎత్తు నుంచి దోసిట్లో పోస్తారు. ఆ నీళ్ళూ తాగాం. ప్రేమా, దూరమూ ఒకే అరుగు మీద చూశాం.

తిరిగే ఓపిక అయిపోయినవాళ్ళు, పెట్టుబడి దొరకనివాళ్ళు రోడ్డు మలుపులో చెట్టు కింద సైకిల్ షాపు పెట్టారు. గంటకింత అని బాడుగ సైకిళ్ళు. ఊళ్ళో సగంమంది పిల్లలు, ఏ కులం వాళ్ళైనా, కాలు అందని సైకిల్‌ను సందు తొక్కుడుగా నేర్చుకున్నది మా బాడుగ సైకిళ్ళ మీదే. ఇక పంక్చర్లు. మా నేల మీద పల్లేరుకాయ నవాబు. కంపముల్లు వజీరు. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో తిప్పుతూ బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. ఆ చోటును ఆరబెట్టి, గరుకు కాగితంతో గీరి, సొల్యూషన్ పూసి, అది సగం ఆరేదాకా ఆగి ప్యాచ్ అతికించాలి. ఆగకపోతే ప్యాచ్ నిలవదు. టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీయకపోతే పది అడుగులు పోకముందే మళ్ళీ పంక్చర్. గాలి టైరును డన్‌లప్ 1888లో తయారుచేసి ఖ్యాతికెక్కాడు. ఆ గాలి నిలబెట్టిన మాకు మిగిలింది ఒక తిట్టు.

అవును, పంక్చర్ ఇప్పుడు తిట్టు. మాలో ఎవరైనా నోరు తెరిస్తే ‘పోయి పంక్చర్లు వేసుకో’ అంటారు. 2025 ఏప్రిల్ 14న హిసార్ సభలో ప్రధానమంత్రి కూడా, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేస్తూ బతకాల్సిన అవసరం ఉండేది కాదన్నారు. వక్ఫ్ భూములు మింగినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు, ఆ మాట మేమే ముందు అంటాం. మరి ఉద్యోగాలు ఎవరు మింగారు? బ్యాంకు అప్పులు మా వీధి దాకా ఎందుకు రాలేదు? సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. పనిచేసే ముస్లిముల్లో 61 శాతం మంది సొంతంగా ఏదో ఒకటి చేసుకుని బతికేవాళ్ళే. మగవాళ్ళలో నూటికి పన్నెండుమంది వీధుల్లో అమ్ముకునేవాళ్ళు. దేశం మొత్తం మీద ఆ లెక్క ఎనిమిది కన్నా తక్కువ. పంక్చర్ వేయడం మా మతం నేర్పిన విద్య కాదు. తలుపులన్నీ మూసినాక చెట్టు కింద మిగిలిన చోటు అది. ఆ పనిని మేము తక్కువ చేయం, హలాల్ రోజీ అది. కానీ దాన్నే మా పేరుగా అతికిస్తామంటే ఒప్పుకోం.

సైకిల్‌ను గౌరవించడం ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. సైకిల్ గుర్తు మీద ఎన్టీఆర్‌ను హిందూపురం 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిపించింది. గోడ మీద ఆ గుర్తు పేదవాడి బండి. దాన్ని బాగుచేసే మనిషి మాత్రం పరాయివాడా?

ఇదే దారుల్లో పెనుకొండ బాబయ్య ఉరుసుకు హిందువులూ ముస్లిములూ కలిసి పోయారు. మొహర్రంకు గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల దగ్గర మొక్కు తీర్చుకునేవాళ్ళలో మాకన్నా హిందువులే ఎక్కువ. జాతర ఎవరిదైనా బొమ్మల బండి, బత్తీసుల తట్ట మావాడివి. అలాంటిది 2020లో కరోనా పేరు చెప్పి దేశంలో చాలా చోట్ల కూరగాయలమ్మే మనిషిని నీ పేరేమిటని అడిగారు. 2022 మార్చిలో పక్కనే కర్ణాటకలో గుడి జాతరల్లో ముస్లిముల అంగళ్ళకు చోటు లేదని బ్యానర్లు కట్టారు. హిందూపురం నుంచి ఆ రాష్ట్రం ఎంత దూరం? సైకిల్ మీద పోయేంత దూరం. అందుకే మా భయం పుస్తకాల్లోది కాదు.

ఇప్పుడు దారులు మారాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. రోడ్లు వెడల్పయ్యాయి, చింతచెట్లు పోయాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే, అట్లాస్ కంపెనీ చివరి ఫ్యాక్టరీ మూతపడింది. మావాళ్ళు మోపెడ్లకు, ఆటోలకు మారారు. సెలవు రోజుల్లో బెంగుళూరు నుంచి హెల్మెట్లు పెట్టుకుని, వేలకు వేలు పోసి కొన్న సైకిళ్ళ మీద యువకులు లేపాక్షి దాకా వస్తున్నారు. రానివ్వండి. ఎండలో చెమటోడ్చే మనిషి మీద మాకు కోపం లేదు. వాళ్ళు తొక్కితే ఆరోగ్యం, మేము తొక్కితే వెనకబాటుతనం అనే కొలతతోనే మా పేచీ.

మా ఇంటి లెక్క కూడా చెప్పాలి. ఈ దారులన్నీ మగవాళ్ళే తొక్కారు. రాష్ట్రం విడిపోయాక, 2014–19 మధ్య ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. మా వాడల్లోనూ పిల్లలు తెచ్చుకున్నారు. కొన్ని ఇళ్ళల్లో వాటిని తమ్ముళ్ళు తొక్కారు. ‘ఆడపిల్ల సైకిలేమిటి, జమాత్ ఏమనుకుంటుంది’ అన్నారు పెద్దలు. బడి మూడు మైళ్ళుంటే, సైకిల్ వద్దంటే, ఆ చదువు అక్కడితో ఆగిపోయినట్టే. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ కాలేజీ గేటు దగ్గర ఎదురుచూస్తుంటుంది. అక్కడి దాకా చేరాల్సింది మా పిల్ల. బుర్ఖా వేసుకుని తొక్కుతుందో, చున్నీ ముడివేసుకుని తొక్కుతుందో ఆమె ఇష్టం. తొక్కనివ్వాలి.

2019లో పౌరసత్వం మాట లేచినప్పటి నుంచి మా ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు తెరిచి పాత కాగితాలు వెతుక్కుంటున్నాం. భూమి లేనివాడికి పట్టా ఎక్కడిది? బడికి పోనివాడికి సర్టిఫికెట్ ఎక్కడిది? మీ ఊరేది అని అడిగేవాళ్ళు ఒకసారి మాతో నల్లమాడ నుంచి లేపాక్షి దాకా రండి. ఎక్కడ దిగి తొయ్యాలో, ఎక్కడ బ్రేకు పట్టాలో, ఏ మలుపులో పల్లేరు ఎక్కువో, ఏ ఇంటి పెద్దమ్మ నీళ్ళ చెంబు చేతికే ఇస్తుందో కళ్ళు మూసుకుని చెబుతాం.