ప్లగ్గు ఎవరిది?



కారు ఫొటో పెట్టినకాడి నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న: "సార్, సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?" కొనొచ్చు. నాది పాత టాటా టియాగో ఈవీ, 19.2 యూనిట్ల బ్యాటరీ. నిండితే నా నడకకు 150 కిలోమీటర్ల దాకా వస్తది. 15 ఆంపియర్ల ప్లగ్గుకు రాత్రి పెడితే ఏడు గంటల్ల నిండుతది.

అయితే ఆ ప్లగ్గు ఎవరిది? అసలు ముచ్చట అదే.

జనగామలో నాది కిరాయిల్లు. చార్జింగ్‌కు ఓనరు మొదట సరే అన్నడు. సబ్ మీటరు నేనే పెట్టించిన. నెల దాటినంక ఒకరోజు నవ్వుకుంట అడిగిండు: "సారూ, మీరేమిట్లు?" చెప్పిన. తెల్లారేసరికి ప్లగ్గుకు ఫీజు లేదు. "వైరింగ్ తట్టుకోదు సార్" అన్నడు. నా చార్జర్ గుంజేది మూడు కిలోవాట్లు. ఆయన పై అంతస్తులో రెండు ఏసీలు నడుస్తనే ఉన్నయి.

పీహెచ్‌డీ కోసం నాలుగేండ్లు దళిత కథల్లో బావుల గురించి రాసిన. పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగిన తరాల కథలు. ఆ పొద్దు ఫీజు లేని ప్లగ్గు ముందు నిలబడితే, నా థీసిస్‌ల ఒక అధ్యాయం మిగిలిపోయిందని తెలిసింది.

మహబూబాబాద్ జిల్లాలో, తొర్రూరు దగ్గర మా వాడలో అమ్మ ఇల్లుంది. శని, ఆదివారాలు అక్కడ చార్జింగ్ పెడదామని పోతే చార్జర్ ఎర్ర లైటు చూపించింది. ఇంటికి ఎర్తింగే లేదు. తమ్ముడు, నేను గుంత తవ్వి, రాడ్డు పాతి, ఉప్పు, బొగ్గు పోసినం. అమ్మ నీళ్లు పోసింది. పచ్చ లైటు వెలిగింది.

ఇంకో లెక్క మిగిలింది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపైతే అమ్మకు జీరో బిల్లు. ఆమె వాడేది 80, నా కారుకు నెలకు 130. గీత దాటితే మొత్తం బిల్లు అమ్మ మీదనే పడుతది. దాటకపోయినా, పేదింటి ఉచిత కరెంటుతో లెక్చరర్ కారు నడుసుడు న్యాయం కాదు. నా పేరు మీద వేరే మీటరుకు దరఖాస్తు పెట్టిన. "గదెందుకు బిడ్డా, ఇది మనదే గదా" అన్నది అమ్మ. "నీదే అమ్మా. అందుకే" అన్న.

మొన్న ఏప్రిల్ 14 సభకు భూపాలపల్లి పోయిన. హనుమకొండలో ఆగి చార్జింగ్ పెట్టుకున్న. చెల్పూరు దాటుతుంటే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు. పక్కనే సింగరేణి గనులు. బొగ్గు తవ్వినోళ్లలో మనోళ్లెంతమందో! పొగ లేని కారని మురిసిన నాకు ఆ పొగ చూస్తే మాట రాలేదు.

సభలో ఒక్క సంగతే చెప్పిన. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా విద్యుత్తు చూసినోడు. చవకగా, సమృద్ధిగా కరెంటు రావాలని, పేదరికం నుంచి బయటపడే తొవ్వ పరిశ్రమలేనని 1943 అక్టోబరులో చెప్పిండు. 1927లో మహాడ్ చెరువు నీళ్ల కోసం నడిచిన మనిషే, పదహారేండ్లకు కరెంటు గురించి మాట్లాడిండు.

అడిగినోళ్లకు నా జవాబు: కొనేముందు బ్యాటరీ చూడండి, వారంటీ కాగితం చూడండి, ఎర్తింగ్ చూడండి. వాటన్నిటికంటే ముందు, మీ పేరు మీద మీటరు ఉందా చూసుకోండి.

జై భీమ్.