ఆబిడ్స్ పుస్తకం, నాంపల్లి కారు

ఆదివారం పొద్దున భక్తులు గుడికి పోతారు, రసికులు మార్నింగ్ షోకి పోతారు. మా ఇంట్లో మాత్రం కారు బానెట్ ఎత్తేవాళ్లం. 1982 నాటి మాట. నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో మా ఇల్లు, వాకిట్లో వేపచెట్టు, చెట్టు కింద 1968 నాటి మార్క్-2 అంబాసిడర్. బాపు దాన్ని సెకండ్‌హ్యాండులో కొన్నాడు. యాదగిరిగుట్టకు అందులో తొమ్మిదిమందిమి పోయేవాళ్లం, పులిహోర గిన్నె లెక్కలో లేదు!

రేడియేటర్లో నీళ్లు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్, ముందు చక్రాల దగ్గర నిపుల్స్‌కు గ్రీజు. ఇవి బాపు నేర్పిన ఓనమాలు. హ్యాండిల్ తిప్పడం మాత్రం సందు చివరి ఉస్తాద్ నేర్పాడు. "అంగూఠా లపేటో నక్కో బాబూ!" అనేవాడు. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా తక్కిన వేళ్ల పక్కనే పెట్టాలి. ఇంజను ఒక్కసారి ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వర్క్‌షాప్ మాన్యువల్ దొరికింది. ఇంగ్లండు కారు పుస్తకం మనకెందుకంటారా? హిందుస్థాన్ మోటార్స్ వారు 1958లో మొదలుపెట్టిన అంబాసిడర్ ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాయే కదా. మా కారులో ఉన్నదీ అదే 1489 సి.సి. ఇంజను. బేరమాడి కొన్నాను. ఇంటికొచ్చేసరికి సగం ఇంజనీరునయిపోయాను.

ఆ సాయంత్రమే, బాపు ఇంట్లో లేని సమయం చూసి, డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. లోపల పాయింట్లు నల్లబడి ఉన్నయి. విప్పాను, రుద్దాను, పుస్తకంలో చెప్పినట్టు అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను సందు పెట్టి బిగించాను. ఎంత గర్వమో! స్టార్ట్ చేసి చూడాలని మాత్రం తోచలేదు. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది.

పురిటికి వచ్చిన అక్కకు ఆ రాత్రే నొప్పులు మొదలైనయి. రెండు గంటలు దాటింది. బాపు తాళం తిప్పాడు. ఇంజను తిరుగుతున్నది గానీ అంటుకోవడం లేదు. బ్యాటరీ నీరసించింది. నేను హ్యాండిల్ పట్టాను. ఉస్తాద్ మాట మరవలేదు, బొటనవేలు బయటే ఉంది, కానీ చేతులు వణుకుతున్నయి. ఇరవై సార్లు తిప్పినా ఒక్క దగ్గయినా దగ్గలేదు. వెనక సీట్లో అక్క పళ్లు బిగించి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏం రా, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నరా?" అన్నాడు బాపు.

నేను మాట్లాడలేదు. స్టేషన్ దాకా ఉరికి సైకిల్ రిక్షా తెచ్చాను. అమ్మా అక్కా అందులో ఎక్కారు, బాపూ నేనూ పక్కన పరుగు. రెడ్ హిల్స్ ఎత్తు దగ్గర రిక్షా అతనితో కలిసి వెనక నుంచి నెట్టాం. నీలోఫర్ ఆసుపత్రి చేరిన అరగంటకు మేనకోడలు పుట్టింది.

తెల్లవారి ఉస్తాద్ వచ్చి మూత తీసి నవ్వాడు. కదిలే పాయింటు స్ప్రింగు కింద ఉండాల్సిన చిన్న ఫైబర్ వాషరు లేదు. పాయింట్లు విడిపోయినప్పుడల్లా కాయిల్లో కరెంటు తెగాలి. అలా తెగితేనే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ. వాషరు లేక స్ప్రింగు ఇనుముకు తగిలి, పాయింట్లు విడిపోయినా కరెంటు తెగడమే లేదు. నిప్పురవ్వ ఎట్లా వస్తుంది?

పప్పుగింజంత వాషరు కోసం వాకిలంతా గాలించాం. చివరికి మాన్యువల్లోనే దొరికింది, గ్రీజుతో పుటకు అంటుకుని. ఉస్తాద్ దాన్ని పెట్టబోతే బాపు ఆపాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, "విప్పినోడే బిగిస్తడు" అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మూడుసార్లు విప్పించాడు, మూడుసార్లు బిగించాను, నాలుగోసారి తాళం తిప్పనిచ్చాడు.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. మా బండి అంతకు చాలా ముందే పోయింది. పుస్తకం మాత్రం ఉంది. డిస్ట్రిబ్యూటర్ బొమ్మ ఉన్న పుటలో గుండ్రటి గ్రీజు మరక. మేనకోడలు ఎప్పుడొచ్చినా ఆ పుట తీసి, "మామా, నన్ను రిక్షా ఎక్కించింది ఇదేనా?" అని అడుగుతుంది.