గాలివాటం

లామినార్ ఫ్లో హుడ్ అనే మాట మీరెప్పుడైనా విన్నారా? ముప్పాళ్ళలో మా చెల్లెలి ఇంట్లో అది దిగేదాకా నేనూ వినలేదు. చూడ్డానికి తలుపుల్లేని బీరువాలా ఉంటుంది. లోపల స్టీలు బల్ల, వెనక గోడంతా తెల్లటి జల్లెడ. స్విచ్చి వేస్తే పిండిమరలా గుయ్‌మంటుంది. "ఇంత డబ్బు పోసి కొన్నది గాలి విసురుకోడానికా?" అన్నారు మావారు.

మా చెల్లెలి కూతురు బుజ్జి మైక్రోబయాలజీ చదివింది. ఊళ్ళోనే ఉండి పుట్టగొడుగుల విత్తనం తయారుచేస్తానంది. ఇది వరి విత్తనంలా గింజ కాదు. జొన్నలు ఉడకబెట్టి, సీసాల్లో పోసి, ప్రెషర్ కుక్కర్లో మళ్ళీ ఉడికించి, చల్లారాక పుట్టగొడుగు బూజును అందులో వేస్తారు. అది తెల్లటి దారాల్లా జొన్నలన్నిటికీ అల్లుకుంటే విత్తనం సిద్ధమైనట్టు. చిక్కల్లా సీసా మూత తీసిన ఆ అర నిమిషంలోనే. తడిచెయ్యి పెడితే ఆవకాయ జాడీ ఏమవుతుందో మనకొకరు చెప్పాలా? ఇక్కడ తడిచెయ్యి కూడా అక్కర్లేదు, గాలి చాలు. అందులో కంటికి కనపడని బూజు విత్తులు లెక్కలేనన్ని. ఒక్కటి పడినా చాలు, కొన్నాళ్ళకి సీసా పచ్చబడి కూర్చుంటుంది. పత్తి తీతలూ మిరప కల్లాలూ మొదలయితే ముప్పాళ్ళ గాలిలో దుమ్ముకి కొదవా!

ఆ గాలిని వడకట్టేదే ఈ పెట్టె. వెనకున్న జల్లెడని హెపా ఫిల్టర్ అంటారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్. 0.3 మైక్రాన్ల నలుసులు పదివేలు వస్తే 9,997 అక్కడే ఆగిపోతాయి. వడకట్టిన గాలి సుడులు తిరక్కుండా, సెకనుకి సుమారు 0.45 మీటర్ల చొప్పున, బడిపిల్లల వరసలా ఒకే దిక్కుకి నడుస్తుంది. బయటి దుమ్ము దానికి ఎదురు రాలేదు. 1960ల మొదట్లో అమెరికాలో, శాండియా ప్రయోగశాలలో పనిచేసే విల్లిస్ విట్‌ఫీల్డ్ గారు దుమ్ములేని గది కోసం ఈ ఉపాయమే పట్టారు. గది తుడవడంతో సరిపెట్టక గాలినే చీపురు చేశారన్నమాట!

వీటిలో గాలి వెనకనించి ముందుకొచ్చేది ఒక రకం, పైనించి కిందికి దిగేది ఒక రకం. రెండోదాంట్లో సీసా పైన చెయ్యి ఆడిందంటే చేతిమీది మురికి సీసాలోకే దిగుతుందని బుజ్జి మొదటిదే కోరుకుంది. అమ్మేవాడు నీలం దీపం గొప్పలు చెప్పబోతే, "దీపం సంగతి తర్వాతండీ. ఫిల్టరు పరీక్షించిన కాగితం చూపించండి. గాలి వేగం నా ఎదుటే కొలవండి. ఫిల్టరు మార్చాలంటే ఎంతవుతుంది?" అందిట. చీర అంచు చూసి మురిసిపోయే రకం కాదు, పోగు లాగి చూసే రకం.

ఇక ఇంట్లో దాని చట్టాలు! పనికి ముందు పావుగంట మర ఆడాలి. 70 శాతం స్పిరిట్‌తో బల్ల తుడవాలి. నీళ్ళు కలవని స్పిరిట్ కన్నా ఇదే క్రిముల్ని బాగా చంపుతుందిట. సీలింగు ఫాను కట్టెయ్యాలి. పల్నాటి ఎండల్లో ఫాను లేకుండా! మా మరిదిగారు మరిచిపోయి ఫాను వేసి కూతురి చేత చీవాట్లు తిన్నారు.

ఇంతలో, ల్యాబు నడిపే ఒకాయన పట్నంనించి వచ్చాడు. "పొద్దుటిపూట మీ పెట్టె ఖాళీయే కదమ్మా. రోగుల కళ్ళె, చీము పరీక్షలు అందులో చేసుకుంటాం. నెలనెలా అద్దె ఇస్తాం" అన్నాడు. బ్యాంకు వాయిదా నెత్తిమీదుంది. మా చెల్లెలు సగం ఒప్పేసుకుంది. "అంత శుభ్రమైన పెట్టె, అంతకన్నా భద్రం ఏముంటుందే?" అంది.

"కారం కొట్టేటప్పుడు గాలికి ఎటు కూర్చుంటావమ్మా?"

"వీపుకి గాలి తగిలేట్టు. ఎదురుగా కూర్చుంటే కళ్ళూ ముక్కూ మండిపోవూ?"

"ఈ పెట్టె ముందు కూర్చోడమంటే ఎదురుగా కూర్చోడమే. ఇది సీసాని కాపాడుతుంది గానీ మనిషిని కాదు. లోపల ఉన్నది ఏదైనా నా మొహానికే కొడుతుంది. జొన్నలైతే సరే, క్షయ క్రిములైతే?"

పైనించి గాలి దిగే పెట్టెలోనూ ఆ గాలి చివరికి ముందుకే వస్తుందిట. రోగుల నమూనాలకి బయోసేఫ్టీ క్యాబినెట్ అని వేరే ఉంది. అది ముందునించి గాలిని లోపలికి లాక్కుని, వడకట్టి మరీ వదులుతుంది. పక్కపక్కన పెడితే రెండూ అక్కచెల్లెళ్ళలానే ఉంటాయి. కొనేవాళ్ళు అడగాల్సింది గాలి ఎటు పోతోందని.

ల్యాబాయన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. ఆ నెల వాయిదా మా చెల్లెలు పాలడబ్బుల్లోంచి కట్టింది. రెండ్రోజులు కూతురితో ముభావంగానే ఉంది.

మొన్న నేను వెళ్ళేసరికి నలభై సీసాల్లో మూడే పచ్చబడ్డాయి. బుజ్జి వాటి మూత తియ్యకుండానే మళ్ళీ కుక్కర్లో పెట్టింది, పారబొయ్యడానికి. పక్కన నించుని విజిల్ లెక్కపెడుతున్నది మా చెల్లెలే.