పులి ముసుగు

కుస్తీకథలంటే పెదవి విరిచే విమర్శకులతో నాకు పేచీ వుంది. 1968లో కజివారా ఇక్కి రాయగా త్సుజి నవోకి బొమ్మలు గీసిన జపాను కథ ‘టైగర్ మాస్క్’నే చూడండి. అనాథాశ్రమంలో పెరిగిన దాతె నవోతోను ‘పులి గుహ’ అనే రహస్య ముఠా క్రూరమల్లుడుగా తయారుచేస్తుంది. సంపాదనలో సగం ముఠాకు చెల్లించాలి. ఆ వాటాను అతడు అనాథపిల్లలకు ఖర్చుపెడతాడు. అది మొదలు మల్లులు ఒకరివెంట ఒకరు అతణ్ణి చంపడానికే గోదాలోకి దిగుతారు. వాళ్ళూ ఆ గుహలో నలిగి వచ్చినవాళ్ళే! వాటా ముఠాది, విరిగే యెముకలు వీళ్ళవి. యీ లెక్కను యింత సూటిగా చెప్పిన ‘ఉత్తమ’ నవలలు నేను అట్టే చదవలేదు.

2010 డిసెంబరులో మయెబాషి నగరంలో, పిల్లల సంక్షేమ కేంద్రం ముందు యెవరో 10 బడిసంచులు వుంచి వెళ్ళారు. చీటీ మీద కథలోని పేరే: దాతె నవోతో.